రెండో తలుపు

"తలుపు మూయండి" అన్నాడు త్రినాథ్, చేతిలోని మీటర్ మీంచి కళ్ళు తియ్యకుండానే.

"మూస్తాను. మనిషి బయటికొచ్చాక మూస్తాను. మద్దెలో మూస్తే నలిగిపోతాది కదండీ" అంది ఎవరో అమ్మాయి.

తలెత్తి చూశాడు. తలకి తెల్ల టోపీ, మెడలో ఏప్రన్, భుజంతో తలుపుని ఆనించి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక పలాస వాన ధారగా పడుతోంది. ఆమె చెయ్యి కిందనుంచి ఒక పెద్దావిడ స్టీలు గ్లాసు పట్టుకుని, ఏ తొందరా లేకుండా వరండాలోకి నడుస్తోంది.

"ఆవిడ బయటికెళ్ళేలోపు వానంతా లోపలికి వచ్చేసిందండీ."

"ఏదీ, నేల పొడిగానే ఉంది."

"వానంటే నీళ్ళు కాదు. గాలిలో తేమ."

"ఓహో. మీరు గాలిలో నీళ్ళు వెతుక్కునే రకం. మా బొడ్డమ్మ పిన్ని కుండలో నీళ్ళు వెతుక్కునే రకం. ఎవరి దాహం వాళ్ళది" అని తలుపు నెమ్మదిగా మూసింది.

త్రినాథ్‌కి మంచి జవాబే తట్టింది. కానీ ఎప్పటిలాగే అది నాలుక దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. అతని సంగతి ముందే చెప్పేస్తే మనకి ఒక పని తగ్గుతుంది. చిన్నప్పుడు నిమ్మాడలో ఎవరింటి భోజనాలకి వెళ్ళినా, ఇష్టంలేని కూర వడ్డిస్తే వద్దనలేక మారు వడ్డించుకుని మరీ తినేసిన మనిషి. టెక్కలిలో పాలిటెక్నిక్ చదివినా, విశాఖపట్నం కంపెనీలో ఉద్యోగం వచ్చినా ఆ గుణం మాత్రం మారలేదు.

ఆ కంపెనీ చేసేది గాలిలోని తేమని లాగేసే మిషన్లు. వానాకాలం పలాసలో జీడిపప్పుకి పెద్ద శత్రువు గాలే. ఎంత బాగా ఆరబెట్టిన పప్పయినా ప్యాకింగ్ హాల్లో కాసేపు ఉంటే చాలు, మూత తీసిన డబ్బాలో అప్పడంలా మెత్తబడిపోతుంది. పోయినేడు తిరుమలరావుగారి సరుకు బూజుపట్టి వెనక్కి వచ్చింది. అందుకే ఆయన ఈసారి మిషన్ తెప్పించాడు. దాన్ని బిగించి, ట్రయల్ పూర్తయ్యేదాకా హాలు పొడిగా ఉందని చూపించడం త్రినాథ్ పని. అతనొక్కడికే అప్పగించిన మొదటి పని అదే. నిలబెడితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికి.

ఆ హాల్లో గ్రేడింగ్ ఇన్‌చార్జి తనూజ. బీఎస్సీ చదివింది. ఉద్దానంలో వాళ్ళది కొబ్బరి, జీడితోటల ఊరు. రోజూ సుమ్మాదేవి స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కి పలాస వస్తుంది.

మిషన్ ఆన్ చేసిన రోజు ఆడవాళ్ళంతా దాని చుట్టూ మూగారు. బొడ్డమ్మ ముందు వరసలో నిలబడింది.

"లోపల ఏటుంది బాబూ?"

"చక్రం పిన్నీ. దాన్నిండా సిలికా జెల్. కొత్త చెప్పులు కొంటే డబ్బాలో చిన్న పొట్లం ఉంటాది చూడు, తినకూడదని రాసి."

"అదా. మా మనవరాలు పంచదారనుకుని నోట్లో ఏసుకోబోనాది."

"అదే. ఈ పక్కనుంచి గదిలో గాలి వెళ్తాది. చక్రం అందులో తేమ తాగేస్తాది. మెల్లగా తిరిగి అటు పక్కకి వెళ్తాది. అక్కడ వేడి గాలి తగిలితే తాగిందంతా బయటికి వదిలేస్తాది. మళ్ళీ ఇటు వచ్చి తాగుతాది."

"వదలకపోతే?"

"వదలకపోతే ఇంక తాగలేదు పిన్నీ. ఊరికే తిరుగుతాది అంతే."

"మనుషుల్లోనూ ఉన్నారు పిన్నీ అలాటోళ్ళు" అంది తనూజ వెనకనుంచి. "అన్నీ లోపలికి తీసుకోవడమే, ఒక్కటీ బయటికి రాదు. ఈయనకి హీటర్ పెట్టడం మర్చిపోయారు కంపెనీవోళ్ళు."

అందరూ నవ్వారు. త్రినాథ్ కూడా నవ్వాడు. ఆ రాత్రి లాడ్జి గదిలో పడుకుని ఆ మాటకి చక్కటి జవాబు ఒకటి తయారుచేసుకున్నాడు కానీ, మర్నాడు ఆమె ఎదురుపడితే "గుడ్ మార్నింగండీ" అని మాత్రమే అనగలిగాడు.

మాట రాని మగవాడు వస్తువుని ఆశ్రయిస్తాడు. ఒక చిన్న గాజు సీసా నిండా నీలం రంగు సిలికా గింజలు పోసి, మూతకి సన్నటి రంధ్రాలు చేసి ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఏటండీ ఇది?"

"నీలంగా ఉంటే హాలు పొడిగా ఉన్నట్టు. గులాబీ రంగుకి తిరిగితే తేమ వచ్చినట్టు. మీటర్ చూడక్కర్లేదు."

"గులాబీ అయిపోతే పారేయడమేనా?"

"అక్కర్లేదు. వంటకి వాడని పాత మూకుడులో కాసేపు వేపితే మళ్ళీ నీలం అయిపోతాయి."

"ఎన్నిసార్లయినా?"

"చాలాసార్లు."

"బాగుంది" అని సీసాని కళ్ళెదురుగా పట్టుకుని, గింజల సందుల్లోంచి అతన్ని చూసింది. ఆ చూపుకి త్రినాథ్ చెవులు గులాబీ రంగుకి తిరిగాయని బొడ్డమ్మ తరవాత చాలాకాలం చెప్పుకుంది.

అప్పటినుంచి సాయంత్రం ప్యాసింజర్ వేళకి త్రినాథ్‌కి స్టేషన్ వైపు పనులు పుట్టుకొచ్చేవి. ఒకరోజు వానలో రైలు ఆలస్యమైంది. వచ్చాక ఆమెతోపాటు అతనూ ఎక్కేశాడు.

"మీరెక్కడికి?"

"మందస. చిన్న పని ఉంది."

"ఏం పని?"

"మిషన్ పని."

"మందసలో మిషన్ ఎవరికుందండీ?"

"ఇంకా లేదు. పెట్టిద్దామని."

ఆమె పెదవి బిగించి నవ్వాపుకుంది. కిటికీ రేకు సందులోంచి జల్లు కొడుతుంటే ఇద్దరూ ఒకే వైపు సర్దుకున్నారు. గొప్పగా కనబడాలని కాబోలు, త్రినాథ్ తన పని గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"అసలు మా డ్రాయింగ్‌లో హాలుకి రెండు తలుపులున్నాయి తెలుసా? మధ్యలో చిన్న గది. మొదటి తలుపు మూసుకున్నాకే రెండోది తెరవాలి. అప్పుడు ఎంతమంది తిరిగినా తేమ లోపలికి రాదు."

"మరి రెండోది ఏదీ?"

"మీ తిరుమలరావుగారు వద్దన్నారు. ఒక గదికి రెండు తలుపులేటి బాబూ, ఇదేమైనా జైలా అన్నారు."

"మీరేమన్నారు?"

"సరే సార్ అన్నాను."

ఆమె అతనికేసి కాసేపు చూసింది. సుమ్మాదేవి దగ్గర పడుతుండగా, చీరకొంగు తడి పిండుకుంటూ, ఊరికే అన్నట్టు అడిగింది.

"మీ నిమ్మాడ దిక్కువోళ్ళు మా ఉద్దానం పిల్లల్ని చేసుకోరట కదా. ఆ నీళ్ళు మంచివి కావు, కిడ్నీలు పోతాయి అంటారట."

అది వేళాకోళం కాదని ఆమె గొంతు వింటే ఎవరికైనా తెలుస్తుంది. త్రినాథ్‌కీ తెలిసింది. అతని తల్లి సరిగ్గా అదే మాట పోయినవారం ఫోన్లో అంది. 'ఎవరేమన్నా నేను చేసుకుంటాను' అన్న మాట అతని గుండెలోంచి బయల్దేరి గొంతు దాకా వచ్చింది. అక్కడ రైలు ఆగింది.

"ఎవరో ఏదో అంటారులెండి" అన్నాడు.

తనూజ దిగిపోయింది. ఆమె అసలు చెప్పదలుచుకున్నది వేరే ఉంది. తండ్రి ఈశ్వరరావుకి డయాలసిస్ జరుగుతోందని, వారంలో మూడుసార్లు పలాస ఆసుపత్రికి తీసుకురావాలని చెప్పాలనుకుంది. అతని జవాబు విన్నాక చెప్పలేదు.

హాల్లో మాత్రం తలుపు గొడవ తీరలేదు. పప్పు మీద చుక్క పడకూడదని లోపలికి నీళ్ళు తేనివ్వరు. కుండ వరండాలో ఉంటుంది. పొడిగాలికి గొంతులు ఎండిపోయి ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు బయటికి వెళ్ళేవారు. తనూజ ఎవరినీ ఆపేది కాదు. ఎవరైనా మొహమాటపడి కూర్చుంటే తనే లేపి పంపేది. మధ్యాహ్నానికి ఆమె బల్ల మీది గింజలు గులాబీ రంగుకి తిరిగిపోయేవి.

"కాస్త తగ్గించండి తనూజ గారూ. ట్రయల్ పాడైపోతాది" అన్నాడొకసారి.

"నీళ్ళు తాగడం తగ్గించమంటారా? వీళ్ళవి ఏ ఊళ్ళో తెలుసా మీకు?"

తెలుసు. ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి పేపర్లో చదివినంత తెలుసు.

ట్రయల్ చివర్లో తిరుమలరావు స్వయంగా హాల్లోకి వచ్చాడు. మీటర్ చూసి మొహం చిట్లించాడు. ఆడవాళ్ళంతా చేతులాపి లేచి నిలబడ్డారు.

"ఏటి బాబూ, ఇంత పెట్టి కొన్నాను. మిషన్ తప్పా, మనుషుల తప్పా? ఒక్క మాట సెప్పు."

ఒక్క మాటే. రెండో తలుపు లేకపోవడం తప్పు అనాలి. దాన్ని వద్దన్న మీదీ, సరే అన్న నాదీ తప్పు అనాలి. కంపెనీకి ఫోన్ వెళ్తుంది, డ్రాయింగ్ ప్రకారం ఎందుకు కట్టించలేదని అడుగుతారు, ఉద్యోగం ఉండొచ్చు, పోవచ్చు. అంతే కదా.

"మిషన్ బాగానే ఉంది సార్" అన్నాడు త్రినాథ్. "మనుషులే... తలుపు మాటిమాటికీ తెరుస్తున్నారు."

"ఎవులు తెరుత్తన్నారు?"

త్రినాథ్ నేల చూశాడు.

"నేనేనండీ" అంది తనూజ. "దాహమేసినోళ్ళకి తెరవకుండా ఏం చెయ్యమంటారు?" తరవాత త్రినాథ్ వైపు తిరిగింది. రైల్లో విన్నదంతా ఆమె కళ్ళల్లో ఉంది. "త్రినాథ్ గారూ, మీరు చెప్పాల్సింది ఏదైనా ఉందా?"

"లేదండీ."

ఆమె టోపీ తీసి, ఏప్రన్ విప్పి, మడతపెట్టి బల్ల మీద ఉంచింది. సీసా మాత్రం సంచిలో వేసుకుంది. తిరుమలరావు అప్పటికే తలుపుకి బయటనుంచి గడియ పెట్టించమని, భోజనం వేళ తప్ప తియ్యొద్దని మేస్త్రీకి చెబుతున్నాడు.

త్రినాథ్ గేటు దగ్గర ఆమెని అందుకున్నాడు.

"తనూజ గారూ, ట్రయల్ అయ్యాక చెబుదామనే..."

"అయ్యాక దేనికండీ? దాహం ఇప్పుడేస్తాది" అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

తలుపు గడియపడింది. హాలు ఎండిపోయింది. ట్రయల్ పాసయింది. త్రినాథ్ ఉద్యోగం పర్మనెంటు అయింది, తల్లి నిమ్మాడలో వీధంతా మిఠాయి పంచింది. అతను ఒక్క ముక్క కూడా తినలేకపోయాడు.

మళ్ళీ వానలు పట్టేసరికి పలాసనుంచి కంపెనీకి ఫోన్ వచ్చింది. గడియ పెట్టాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే పని మానేశారు. తిరుమలరావు భయపడి గడియ తీయిస్తే హాల్లోకి తేమ వచ్చేసింది. త్రినాథ్ వచ్చేసరికి సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి. బొడ్డమ్మ ఉంది. అతన్ని చూసి పలకరించలేదు. చాలాసేపటికి తనే అంది.

"ఆ పిల్ల తండ్రికి అప్పటికే రక్తం కడుగుతుండీవోరు బాబూ. నీకు తెల్దా?"

"తెలీదు పిన్నీ."

"మమ్మల్ని ఊరికే లేపి నీళ్ళకి తోలేదనుకున్నావా? ఇంట్లో సూసి సూసి ఆ పిల్లకి బెంగ. మా నాన్నకి అయినట్టు మీకు అవకూడదు పిన్నీ అనీది. నీకు సెప్తానంది. ఏల సెప్పనేదో మరి."

ఎందుకు చెప్పలేదో త్రినాథ్‌కి తెలుసు. సుమ్మాదేవి దగ్గర రైలు ఆగిన చప్పుడు అతని చెవుల్లో ఇంకా ఉంది.

అప్పటికప్పుడు లేచి తిరుమలరావు గదిలోకి వెళ్ళాడు. కూర్చోమనకముందే చెప్పేశాడు.

"మిషన్ తప్పు కాదు సార్. మనుషుల తప్పూ కాదు. రెండో తలుపు కావాలి. మీరు వద్దన్నారు, నేను సరే అన్నాను. పోయినేడు అందరి ముందు అబద్ధం ఆడాను. తనూజ గారి తప్పేం లేదు. ఈ మాటే కంపెనీకీ చెప్తాను."

తిరుమలరావు అతనికేసి ఎగాదిగా చూశాడు. "ఈ మాట పోయినేడే సెప్పుంటే తలుపు పోయినేడే కట్టీసీవోణ్ణి కదా బాబూ. నేనేటి రాక్షసుణ్ణా?" అన్నాడు.

త్రినాథ్‌ని ఏ తిట్టూ అంత బాధపెట్టి ఉండేది కాదు.

హాలు ముందు చిన్న గది లేచింది, రెండు తలుపులతో. మానేసినవాళ్ళు కబురందుకుని తిరిగి వచ్చారు. దాహమేసిన ప్రతివాళ్ళూ తీరుబడిగా వెళ్ళి తాగి వస్తున్నా మీటర్ కదలలేదు. ఈ సంగతి తనూజకి చెప్పాలని త్రినాథ్ ఫోన్ తీశాడు. ఏడాదిగా అలవాటే. తీయడం, టైప్ చేయడం, చెరిపేయడం. ఈసారి చెరపకూడదనుకున్నాడు. మెసేజ్‌లో కాదు, సుమ్మాదేవి వెళ్ళి ఎదురుగా చెప్పాలనుకున్నాడు. ఆదివారం వెళ్దామనుకున్నాడు.

శుక్రవారం ఆమే వచ్చింది.

గేటు ముందు ఆటో ఆగింది. ఆమె తల్లి చేతిలో కుంకుమ భరిణె, పసుపు రాసిన శుభలేఖలు. వెనక తనూజ. త్రినాథ్ కొత్త గదిలో తలుపు స్ప్రింగు బిగిస్తున్నాడు. తల్లిని "రండమ్మా" అని లోపలికి పంపాడు. ఆవిడ వెళ్ళగానే రెండో తలుపు దానంతటదే మూసుకుంది. ఇంతలో తనూజ లోపలికి వచ్చింది. వెనక మొదటి తలుపు ఇంకా మూసుకుంటోంది, కొత్త స్ప్రింగు కదా, మహా నెమ్మదిగా.

"ఇదేనా ఆ రెండో తలుపు?" అంది.

"ఇదే."

"మొదటిది మూసుకుంటే గానీ ఇది తెరవకూడదు. గుర్తుంది."

"తనూజ గారూ" అన్నాడు. ఈసారి మాట ఆగలేదు. "మీరంటే నాకు ఇష్టం. సీసా ఇచ్చిన రోజునుంచీ. రైల్లో మీరు అడిగినప్పుడు చేసుకుంటానని చెప్పాలి. హాల్లో నిలబడి అడిగినప్పుడు నా తప్పని చెప్పాలి. రెండూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను."

ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదని అతనికి అనిపించింది.

"మీ పేరు కింద టైపింగ్ అని కనబడేది" అంది మెల్లగా. "నాన్న పక్కన ఆసుపత్రిలో కూర్చునేదాన్ని. చాలాసార్లు కనబడింది. ఫోన్ పట్టుకుని చూస్తూ ఉండేదాన్ని. తరవాత ఏమీ వచ్చేది కాదు."

త్రినాథ్ తల దించుకున్నాడు.

"గింజల్ని కూడా వేపాను. గులాబీ అయినప్పుడల్లా పాత మూకుడులో వేసి వేపేదాన్ని. నీలం అయ్యేవి. ఇవి మళ్ళీ నీలం అయ్యేలోపు ఫోన్ చేస్తారు అనుకునేదాన్ని. ఒకరోజు మంట ఎక్కువైపోయింది. నల్లబడిపోయాయి. ఇంక మారలేదు."

"పెళ్ళికొడుకు..."

"మనోహర్. నాన్నకి డయాలసిస్ చేసే దగ్గరే టెక్నీషియన్. అందరి ముందే అడిగాడు. మా నీళ్ళ సంగతి తెలుసా అంది అమ్మ. నేనూ మీ వీధిలోనే ఇల్లు తీసుకుంటాను, ఆ నీళ్ళే తాగుతాను అన్నాడు. మంచివాడు. నాకూ ఇష్టమే. మీకు అబద్ధం చెప్పను."

"మంచిదండీ" అన్నాడు. ఈసారి అది మింగేసిన మాట కాదు. నిజంగానే అన్నాడు. అందుకే ఎక్కువ నొప్పి పెట్టింది.

మొదటి తలుపు చిన్న చప్పుడుతో పూర్తిగా మూసుకుంది.

"మూసుకుందండీ" అంది తనూజ. "ఇప్పుడు ఇది తెరవొచ్చు కదా?"

త్రినాథ్ రెండో తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోపల ఆడవాళ్ళ కేకలు, నవ్వులు, "ఎప్పుడే పెళ్ళి, ఏ వూరే పెళ్ళికొడుకుది" అన్న ప్రశ్నలు ఒక్కసారి బయటికి వచ్చాయి. ఆమె లోపలికి వెళ్ళింది. వెళ్తూ ఒకసారి వెనక్కి చూసింది. తలుపు ఆమె వెనకే మూసుకుంది, శబ్దాలన్నీ ఆగిపోయాయి.

తలుపు పక్కన గోడకి బిగించిన మీటర్ ఉంది. అలవాటు కొద్దీ చూశాడు. హాల్లో తేమ ఒక్క గీత కూడా పెరగలేదు.

కాసేపటికి బొడ్డమ్మ గ్లాసు పట్టుకుని వచ్చింది. గోడకి ఆనుకుని నిలబడ్డ త్రినాథ్ మొహం చూసి ఆగింది.

"ఏటి బాబూ, సెమటా?"

అవునని చెప్పొచ్చు. ఈ చిన్న గదిలో గాలాడదు పిన్నీ అనొచ్చు. ఎవరైనా నమ్ముతారు.

"కాదు పిన్నీ" అన్నాడు త్రినాథ్. "ఏడుస్తున్నాను."

బొడ్డమ్మ వరండాలోకి వెళ్ళి, కుండలో గ్లాసు ముంచి, తను తాగకుండా తెచ్చి అతని చేతిలో పెట్టింది.